పాలమూరు నుంచి పానగల్లు దాకా, సిడ్ బారెట్ కోసం

జూలై 4, మహబూబ్‌నగర్

జడ్చర్లలో సగం మంది దిగిపోయాక బస్సులో కాస్త ఊపిరాడింది. ఆరుద్ర కార్తె అయిపోవస్తోంది. పత్తి మొలకలు రెండాకుల మీద ఉన్నాయి. మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. నా బ్యాగులో రెండు జతల బట్టలు, ఒక చిన్న స్పీకరు ఉన్నాయి. ఫోన్లో సిడ్ బారెట్ పాటలన్నీ ఉన్నాయి. అన్నీ అంటే ఎక్కువేం కాదు, రెండు మూడు గంటలు కూర్చుంటే మొత్తం వినేయొచ్చు.

సిడ్ 2006 జూలై 7న కేంబ్రిడ్జ్‌లో పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయాడు. వయసు 60. ఏటా ఆ రోజు హైదరాబాద్‌లో గదిలో తలుపు వేసుకుని పాటలు వింటూ గడిపేవాణ్ణి. ఈసారి అలా వద్దనిపించింది. ఆ పాటలు నాకు మొదట వినిపించింది మా పెద్దమ్మ కొడుకు. వాళ్ళది గుర్రంపోడు దగ్గర ఊరు. ఏడో తారీఖు అన్న ఇంట్లో ఉండాలి, అక్కడికి మాత్రం చుట్టు తిరిగి వెళ్ళాలి అనుకున్నాను. పాలమూరు, నాగర్‌కర్నూల్, దేవరకొండ, సాగర్, నల్గొండ. ఇంగ్లండ్ మనిషికి పాలమూరులో ఏం పని అని దోస్తులు అడిగారు. నేను అతన్ని విన్నది ఇక్కడే, ఈ ఎండలోనే. నాకు తెలిసిన సిడ్ ఇక్కడివాడే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. అసలు పేరు రోజర్ కీత్ బారెట్. 1946 జనవరి 6న కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు. తండ్రి డాక్టరు. కొడుక్కి పదహారు నిండకముందే పోయాడు. సిడ్ పెయింటింగ్ చదువుకోవడానికి లండన్ వెళ్ళాడు. 1965లో అక్కడి స్నేహితులతో కలిసి కట్టిన రాక్ బ్యాండే పింక్ ఫ్లాయిడ్. ఆ పేరు పెట్టింది అతను. మొదట్లో పాటలు దాదాపు అన్నీ రాసింది, పాడింది, గిటార్ వాయించింది కూడా అతనే. 1967లో మొదటి ఆల్బం వచ్చింది. 1968 ఏప్రిల్‌కల్లా అతను బ్యాండులో లేడు. 1970లో సొంతంగా రెండు ఆల్బంలు చేశాడు. అంతే. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. ఆ తర్వాత ఇంకో ముప్పై అయిదేళ్ళు బతికాడు గానీ కొత్త ఆల్బం ఒక్కటీ రాలేదు.

మన దగ్గర పింక్ ఫ్లాయిడ్ అభిమానులకు కొదవ లేదు. కానీ వాళ్ళు చెప్పే ఆల్బంలన్నీ సిడ్ వెళ్ళిపోయాక వచ్చినవి. సిడ్ పేరు ఎత్తితే పాటల మాట రాదు, పిచ్చి మాట వస్తుంది. మాత్రలు నలిపి తలకు పూసుకుని స్టేజీ ఎక్కాడట, కచేరీ అంతా ఒకే తీగ మీటుతూ నిలబడ్డాడట. నిజమో అబద్ధమో తేలని ఈ కథలు చెప్పేటప్పుడు వాళ్ళ కళ్ళలో ఒక మెరుపు ఉంటుంది. ఆ మెరుపు నాకు నచ్చదు. ఒక మనిషి నలిగిపోతున్న రోజులవి. వాటిని మనం వినోదానికి వాడుకుంటున్నాం.

మధ్యాహ్నం పిల్లలమర్రికి వెళ్ళాను. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరం. దాదాపు 700 ఏళ్ళ మర్రి అంటారు, మూడెకరాల దాకా పరుచుకుంది. చిన్నప్పుడు బడి పిల్లలతో వచ్చినప్పుడు ఊడలు పట్టుకుని ఊగినవాళ్ళు ఊగారు, కొమ్మలెక్కినవాళ్ళు ఎక్కారు. ఇప్పుడు దగ్గరికి పోనివ్వరు. 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే లోపలంతా చెదలు. చెట్టును చూడనివ్వడం ఆపేశారు. 2018లో మనుషులకు ఎక్కించినట్టే చెట్టుకు సెలైన్ బాటిళ్ళు వేలాడదీసి, చెదల మందు కలిపి కొమ్మల్లోకి ఎక్కించారు. ఆ ఫోటోలు అప్పట్లో అన్ని పేపర్లలో వచ్చాయి. బరువు మోయలేని కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు.

కంచె ఇవతల నుంచి చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. బెరడు మీద చెక్కిన పేర్లు అక్కడక్కడా ఇంకా తెలుస్తున్నాయి. గాయం మానుతున్న కొద్దీ అక్షరాలు సాగి వెడల్పయ్యాయి. ఒకచోట ప్రేమ గుర్తులో సగం మాత్రమే మిగిలింది. కాపలాగా ఉన్న పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. “గప్పుడు ఊడలు వట్టుకొని ఊగెటోళ్ళు సార్. పేర్లు జెక్కెటోళ్ళు. ఎవ్వలన్న ఒద్దంటే, ప్రేమతోటి ముట్టుకుంటున్నం గదా అనెటోళ్ళు” అన్నాడు.

సిడ్ కేంబ్రిడ్జ్‌లో తల్లి ఇంట్లో, తర్వాత ఒంటరిగా ఉన్న ఏళ్ళన్నిటా జనం తలుపు కొడుతూనే ఉన్నారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చి కిటికీలోంచి తొంగి చూశారు. సైకిల్ మీద దుకాణానికి వెళ్తున్న మనిషిని వెంటపడి ఫోటోలు తీశారు. పాత రోజుల మాట ఎత్తితే అతనికి మనసు చెడిపోతుందని, వదిలేయమని ఇంటివాళ్ళు చెప్పినా వినలేదు. వాళ్ళదీ ప్రేమే.

పిల్లలమర్రికి కంచె వేసినందుకు ఊళ్ళో కొందరికి కోపం ఉంది. నాకు లేదు. కంచె వేశాక చెట్టు చిగురేసింది.

జూలై 5, నాగర్‌కర్నూల్

పొద్దున్నే నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. ఈ జిల్లాకు రావడానికి కారణం కిన్నెర. పన్నెండు మెట్ల కిన్నెరకు ఇది పుట్టిల్లు. దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక మిగతా తెలుగువాళ్ళకు దీని పేరు తెలిసింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన హైదరాబాద్‌లో కూలిపనికి వెళ్తున్న ఫోటోలు కూడా వచ్చాయి. కళాకారుణ్ణి మనం చూసుకునే తీరు అదీ.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక పల్లెలో కిన్నెర వాయించే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. డక్కలి వాళ్ళ ఇల్లు. ముందు రేకుల పందిరి, పందిరి కింద నులక మంచం. గోడకున్న గుడ్డ సంచిలోంచి వాయిద్యం తీసి, తుండుగుడ్డతో తుడిచి నా ఒళ్ళో పెట్టాడు. పొడుగాటి వెదురు కర్ర, దానికి కింద కట్టిన ఎండిన ఆనిగెపు బుర్రలు, కర్ర మీద వరసగా మైనంతో నిలబెట్టిన మెట్లు. ఏళ్ళ తరబడి వేళ్ళు ఆనీ ఆనీ మైనం నల్లగా నిగనిగలాడుతోంది. మూడో మెట్టు దగ్గర మైనం కొత్తది, పసుపుపచ్చగా ఉంది. “ఎండకాలం కరిగి మెట్టు జారుతది. మల్ల పెట్టుకోవాలె, చెవుతోటి సూసి పెట్టుకోవాలె” అన్నాడు. చెవితో చూసి పెట్టడం ఏమిటో వాయిస్తుంటే అర్థమైంది. తీగ మీటి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటి, తల ఊపి అప్పుడు వదిలాడు.

పండుగ సాయన్న కథ ఎత్తుకున్నాడు. పెద్దోళ్ళను కొట్టి పేదోళ్ళకు పెట్టిన పాలమూరు వీరుడి కథ. పాట ఆపి మాట, మాట ఆపి తీగ. మాట్లాడుతున్నప్పుడు కూడా బొటనవేలు ఊరుకోదు, కింద ఒక స్వరం నడుస్తూనే ఉంటుంది. ఆ స్వరం మీద ఆయన ఎక్కడికైనా వెళ్ళొస్తాడు. సాయన్న గుర్రమెక్కిన చోట రెండు పంక్తులకు బదులు పావుగంట వాయించాడు.

టీ తాగుతుంటే సిడ్ గిటార్ వినిపిస్తానన్నాను. మొదటి ఆల్బంలో పాటే లేని ఒక పెద్ద వాద్యం ఉంది, తొమ్మిది నిమిషాల పైన ఉంటుంది. మొదట ఒక దిగుడు వరస, తర్వాత దారి తప్పి ఎటెటో పోయి, చివర్లో మళ్ళీ ఆ వరసకే వస్తుంది. సిడ్ సిగరెట్ లైటర్ తీసుకుని గిటార్ తీగల మీద జారించేవాడు. ఆ ధ్వనిని ఎకో మిషన్‌లోకి పంపితే అది ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చేది. లండన్‌లో యూఎఫ్‌ఓ క్లబ్బులో రంగు నూనెల వెలుతురు గోడల మీద పారుతుంటే ఆ కుర్రాడు అద్దం బిళ్ళలు అతికించిన గిటార్‌తో ఇది వాయించేవాడు.

ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. సగంలో ఆపుతాడనుకున్నాను, ఆపలేదు. అయ్యాక అడిగిన మొదటి మాట: “ఎన్ని మెట్లు బిడ్డా దానికి?”

ఇరవై ఒకటి అన్నాను.

“గన్ని ఏం జేసుకుంటడు? ఈన మెట్ల మీద నడుస్తలేడు గదా. మెట్లు దాటి జార్తున్నడు.”

లైటర్ సంగతి నేను అప్పటికి ఆయనకు చెప్పలేదు. సిడ్ గురించి చదివిన వ్యాసాలు చాలా ఉన్నాయి. మత్తుమందులు, అంతరిక్షం, పిచ్చి అన్నీ రాశారు. ఆ వేళ్ళు ఏం చేస్తున్నాయో ఇంత సూటిగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

పింక్ ఫ్లాయిడ్ అనే పేరు కూడా ఇలాంటివాళ్ళదే. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అని అమెరికాలో కరోలినా వైపు ఇద్దరు నల్లజాతి బ్లూస్ గాయకులు. పింక్ ఆండర్సన్ ఊరూరా మందులమ్మే వాళ్ళ వెంట తిరుగుతూ జనాన్ని పోగేయడానికి పాడేవాడు. ఒక రికార్డు అట్ట మీద రాతలో ఆ ఇద్దరి పేర్లు చూసి సిడ్ మొదటి ముక్కలు రెండూ కలిపేశాడు. కోట్ల రికార్డులు అమ్ముడైన ఆ పేరు వెనక పేద పాటగాళ్ళు ఉన్నారని ఆయనకు చెప్పాను. “గట్లనా” అని మళ్ళీ కిన్నెర అందుకున్నాడు.

నాగర్‌కర్నూల్‌లో లాడ్జి, రాత్రి దోమలు. రాయడానికి ఏమీ లేదు.

జూలై 6, దేవరకొండ మీదుగా సాగర్

కల్వకుర్తిలో బస్సు మారి దేవరకొండ. ఇప్పుడు అన్నీ గుట్టలే, ఒక బండ మీద ఇంకో బండ. దేవరకొండ కోటకు ఎక్కుదామని ఉండింది. రేచర్ల పద్మనాయకులు కట్టిన ఆ గోడలు గుట్టల అంచుల వెంబడి ఎంత దూరం పోతాయో కిందనుంచి చూస్తేనే తెలుస్తుంది. టైం లేక టీ మాత్రం తాగి మల్లేపల్లి మీదుగా సాగర్ బస్సెక్కాను.

ఈ దారంతా 1968 జనవరి గురించే ఆలోచన. అప్పటికి డేవిడ్ గిల్మోర్ అనే గిటారిస్టు కూడా బ్యాండులో చేరాడు, కొన్నాళ్ళు అయిదుగురు. ఒకరోజు సౌతాంప్టన్‌లో కచేరీకి వ్యాన్‌లో బయల్దేరారు. సిడ్‌ను ఎక్కించుకుందామా అని ఎవరో అడిగారు. వద్దులే అన్నారు ఇంకెవరో. అంతే, ఎక్కించుకోలేదు. వాళ్ళే తర్వాత ఇంటర్వ్యూలలో చెప్పుకున్న సంగతి ఇది. అందరూ ఇరవై ఏళ్ళు దాటీ దాటని పిల్లలు. స్నేహితుడికి ఏమవుతోందో వాళ్ళకు తెలియదు, తెలిసినా ఏం చేయాలో తెలియదు. నాకు వాళ్ళ మీద కోపం రాదు. కానీ ఆ వ్యాన్ వెళ్ళిపోయాక ఆ గదిలో అతను ఏం చేస్తూ ఉన్నాడో అని మాత్రం ఎప్పుడూ అనిపిస్తుంది. రెడీ అయి కూర్చున్నాడా?

సాగర్ చేరేసరికి నాలుగు. కృష్ణకు ఇంకా వరద రాలేదు. నీళ్ళు బాగా కిందికి పోయి ఒడ్డు రాళ్ళ మీద తెల్లటి చారలు కనిపిస్తున్నాయి. 26 గేట్లూ మూసే ఉన్నాయి. 124 మీటర్ల ఎత్తున్న రాతి కట్టడం. మా తాత ఈ డ్యాంకు రాళ్ళు మోసినవాడే. పరంజా మీద తట్టలు నెత్తిన పెట్టుకుని వరసలుగా ఎక్కేవాళ్ళట. పడిపోయినవాళ్ళ పేర్లు తాతకు చివరిదాకా గుర్తుండేవి.

1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కుడి, ఎడమ కాలువలకు నీళ్ళు వదిలారు. తారీఖు చదివి ఫోన్ తీసి చూశాను. సిడ్ మొదటి ఆల్బం, తన మనసుకు నచ్చినట్టు చేసిన ఆ ఒక్క పింక్ ఫ్లాయిడ్ ఆల్బం, దుకాణాల్లోకి వచ్చింది సరిగ్గా అదే వారంలో. మా తాత కాలువలో నీళ్ళు చూసి గంతులేసిన రోజులు అవి. ఎడమ కాలువ నల్గొండ జిల్లాలోకి వచ్చి మిర్యాలగూడ వైపు మెట్ట భూములను వరి మళ్ళు చేసింది. మా వంశంలో మొదటిసారి ఒకరు కాలేజీకి వెళ్ళింది ఆ వరి డబ్బుతోనే. అలా వెళ్ళినవాడు అన్న. అక్కడ హాస్టల్లో దొరికిన క్యాసెట్లోంచి ఆ ఆల్బం మా ఇంటికి వచ్చింది.

ఆ ఆల్బంలో ఏముంది? అబ్బీ రోడ్ స్టూడియోలో, పక్క గదిలో బీటిల్స్ రికార్డింగ్ చేసుకుంటున్న నెలల్లోనే చేశారు దాన్ని. ఒక పిల్లి, ఒక దిష్టిబొమ్మ, ఒక మరుగుజ్జు మనిషి, ఒక సైకిల్. అమ్మ చెప్పే కథలు వినే పిల్లవాడి లోకం, దాని పక్కనే గ్రహాల పేర్లు చదువుతూ నల్లటి ఆకాశంలోకి దూకే ధ్వనులు. ఈ రెండూ ఒకే మనిషి తలలో ఒకే నెలలో ఉన్నాయి. తర్వాత రాక్ సంగీతంలో అంతరిక్షం అంటూ చాలామంది చేశారు, బాగానే చేశారు. ఆ పిల్లవాణ్ణి మాత్రం ఎవరూ తేలేకపోయారు. డేవిడ్ బోవీ అంతటివాడు 1973లో సిడ్ పాట ఒకటి మళ్ళీ పాడాడు. ఎంత ప్రేమగా పాడినా ఆ గొంతులో పెద్దవాడే వినిపిస్తాడు.

అదే ఆగస్టులో, ఆల్బం వచ్చిన రోజుల్లోనే, సిడ్‌కు నరాల అలసట అని చెప్పి కచేరీలు రద్దు చేశారు. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు విపరీతంగా వాడేవాడు. అది ఒక్కటే కారణమా, లోపల ఇంకేమన్నా ఉందా అన్నది వైద్యులు కాని మనం తేల్చే విషయం కాదు. ఒకటి మాత్రం తెలుసు. వారం వారం కొత్త హిట్టు పాట కావాలని కంపెనీ వెంటపడేది, రోజూ ఒక ఊళ్ళో కచేరీ ఉండేది, చుట్టూ చేరినవాళ్ళు మందు ఇచ్చి తమాషా చూసేవాళ్ళు. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు.

చీకటి పడేదాకా కట్ట మీదే ఉన్నాను. చేపల పులుసుతో అన్నం తిని హిల్ కాలనీలో పడుకున్నాను.

జూలై 7, నల్గొండ, పానగల్లు, గుర్రంపోడు

పొద్దున పదికి నల్గొండ క్లాక్ టవర్ దగ్గర అన్న బండి మీద రెడీగా ఉన్నాడు. నెలకోసారి మందుల కోసం నల్గొండ వస్తాడు, ఈ నెల నా కోసం ఇవాళే పెట్టుకున్నాడు. “ఏం తమ్మీ, బక్కగైనవ్” అని నా బ్యాగు ముందు పెట్టుకున్నాడు. పానగల్లు పోదామన్నాను.

అన్న గురించి చెప్పాలి. తొంభైల చివర్లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు. గిటార్ కొనుక్కున్నాడు. రాత్రి డ్యూటీలు. ఒక ఏడాది మెల్లమెల్లగా మాట తగ్గింది. ఫోన్ ఎత్తడు, తిండి లేదు, గోడల్లో ఎవరో మాట్లాడుతున్నారంటాడు. పెద్దమ్మ వెళ్ళి ఇంటికి తీసుకొచ్చింది. ఆస్పత్రి, మందులు, మళ్ళీ ఆస్పత్రి. కొన్నేళ్ళు పట్టింది. ఊళ్ళో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు చదువెక్కువై తల తిరిగిందన్నారు. “మస్తు తెలివిగల్ల పోరడు, పాపం ఖరాబైండు” అన్న మాట మాత్రం అందరిదీ. అది జాలితోనే అనేవాళ్ళు. ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా అంటున్నారు. ఆలోగా అన్న బత్తాయి తోట పెట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు, కూతురు ఆరో తరగతి చదువుతోంది. మందులు మానలేదు.

ఉదయసముద్రం కట్ట దాటి ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళాం. కుందూరు చోడుల కాలం నాటి గుడి, మూడు గర్భగుళ్ళు. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా సూర్యుడు ఎటు తిరిగినా ఆ నీడ కదలదు. ఏ స్తంభం నీడ అది అని చూస్తే ఒక్క స్తంభమూ దానికి ఎదురుగా లేదు. ముందున్న స్తంభాల చుట్టూ చెదిరి వచ్చే వెలుతురు కలిసి ఆ నీడను కడుతుందని ఫిజిక్స్ చెప్పేవాళ్ళు వివరించారు. నేను స్తంభాల మధ్య నిలబడి చేతులు చాచాను. అన్న లోపలి నుంచి “నీ నీడ పడ్తలేదు తమ్మీ, అది అట్లనే ఉన్నది” అన్నాడు.

1975 గుర్తొచ్చింది. పింక్ ఫ్లాయిడ్ ‘విష్ యు వర్ హియర్’ ఆల్బం చేస్తోంది. అందులో ఇరవై అయిదు నిమిషాలు దాటే పెద్ద పాట సిడ్ గురించే. జూన్ 5న ఆ పాట పని నడుస్తుండగా అబ్బీ రోడ్‌కు ఒక లావుపాటి మనిషి వచ్చి నిలబడ్డాడు. గుండు, కనుబొమ్మలు కూడా గొరిగించుకుని ఉన్నాడు, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఎవరో స్టూడియో మనిషి అనుకున్నారు. అతనే సిడ్ అని తెలియడానికి చాలాసేపు పట్టింది. తెలిశాక బ్యాండులోని రోజర్ వాటర్స్ ఏడ్చాడు. ఆ ఆల్బం నిండా అతను ఉన్నాడు. గదిలో నిలబడితే పోల్చుకోలేకపోయారు. ఈ గర్భగుడిలో నీడకూ దాని స్తంభానికీ ఉన్న సంబంధం అదే.

గుడి మెట్ల మీద కూర్చుని ఈ సంగతి అన్నకు చెప్పాను. అన్నకు తెలిసిందే. వింటూ ఉండి, చాలాసేపటికి అన్నాడు: “అందరు గా రోజే జెప్తరు. తర్వాత ముప్పై ఏండ్లు ఎవ్వలు జెప్పరు.”

ఆ ముప్పై ఏళ్ళ గురించి తెలిసింది ఇంతే. 1982లో లండన్ విడిచి కేంబ్రిడ్జ్ దాకా, దాదాపు 80 కిలోమీటర్లు నడిచి తల్లి ఇంటికి వెళ్ళాడు. తర్వాత ఇక సిడ్ అన్న పేరు వాడలేదు, పాత పేరు రోజర్‌కే వెళ్ళిపోయాడు. బొమ్మలు వేసేవాడు, వేసినవి ఫోటో తీసి పెట్టుకుని చాలావాటిని కాల్చేసేవాడు. తోట పని చేసుకునేవాడు. సైకిల్ మీద తిరిగేవాడు. బల్లలు, అరలు తనే చెక్కతో చేసుకునేవాడు. షుగరు వచ్చింది. చెల్లెలు రోజ్‌మేరీ వచ్చి చూసుకునేది. అతను పోయాక, తన అన్నకు మతి లేదన్న మాట ఆమె ఒప్పుకోలేదు. తన లోకంలో తాను బతికిన మనిషి అంది. పాత పాటల డబ్బు అతనికి సరిగ్గా అందేలా గిల్మోర్ చూసేవాడు. అది చిన్న సాయం కాదు.

“ఇంటికి వోయిండు” అన్నాడు అన్న. “ఇంట్ల అమ్మ ఉన్నది, చెల్లె ఉన్నది. బొమ్మలేసుకున్నడు, తోట జేసుకున్నడు. పాటలు రాకుంటె రాకపాయె. గండ్ల ఖరాబైందేమున్నది తమ్మీ?”

నేను జవాబు చెప్పలేదు. ఈ ప్రశ్న ఇంత కాలం సిడ్ గురించి రాసినవాళ్ళందరినీ అడగాల్సింది. మూడేళ్ళ పాటల కోసం ముప్పై ఏళ్ళ బతుకును శిథిలం అని ఎవరు రాయమన్నారు? ఆ పాటలు అద్భుతం, నేను చచ్చేదాకా వింటాను. అవి ఇవ్వడం అతను ఆపేస్తే అది మనకు నష్టం. అతనికి నష్టమని అతను ఎక్కడా అనలేదు.

మధ్యాహ్నం దాటి ఊరు చేరాం. వదిన జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, పప్పు చేసింది. తిన్నాక అన్న నన్ను తోటకు తీసుకెళ్ళాడు. డ్రిప్పు పైపు ఒకటి ఉడుత కొరికేసింది, దానికి జాయింటు వేయాలి. నల్గొండలో కొన్న జాయింట్లు జేబులోంచి తీశాడు. కొరికిన చోట కత్తితో నున్నగా కోసి, అంచు అగ్గిపుల్లతో కొంచెం వేడి చేసి మెత్తబడగానే జాయింటు లోపలికి తోశాడు. వేళ్ళు వణకవు. మందుల వల్ల మొదట్లో వణికేవి, పెద్దమ్మ ముద్ద కలిపి తినిపించేది. వాల్వు తిప్పగానే చెట్టు మొదట్లో చుక్కలు మొదలయ్యాయి. చెట్టు చెట్టుకూ వంగి చూసుకుంటూ వరస చివరిదాకా వెళ్ళొచ్చాడు.

గిటార్ సంగతి అడిగాను. అటక మీద ఉందన్నాడు, తీగలు తుప్పు పట్టాయట. దించాలన్న ఆసక్తి ఏమీ లేదు. నేను మళ్ళీ అడగలేదు.

సాయంత్రం వాకిట్లో మంచాలు వేశారు. స్పీకరు తీశాను. సిడ్ కోసం వాళ్ళు రాసిన పెద్ద పాట పెట్టబోతే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. “అది వాళ్ళ ఏడుపు. ఆయనది పెట్టు. సైకిల్‌ది పెట్టు.”

మొదటి ఆల్బంలో చివరి పాట అది. నా దగ్గర సైకిల్ ఉంది, కావాలంటే తొక్కు, దానికి బుట్ట ఉంది, గంట ఉంది అంటూ మొదలవుతుంది. తర్వాత ఒక చిరిగిన అంగీ వస్తుంది, ఇల్లు లేని ఒక ముసలి ఎలుక వస్తుంది. పాట అయ్యాక ఒక్కసారిగా తలుపు తీసినట్టు గడియారాలు, గంటలు, కీ ఇచ్చే బొమ్మల చప్పుళ్ళు. చిట్టచివర బాతు అరుపో మనిషి నవ్వో తెలియని ఒక కూత, ఆగకుండా తిరుగుతూ.

ఆ కూత వినగానే పిల్ల హోంవర్కు పుస్తకం పక్కన పడేసి లేచి వచ్చింది. “ఏంది బాబాయ్ అది? బాతా?”

“ఏమో, నువ్వే చెప్పు.”

మళ్ళీ పెట్టమంది. రెండోసారి ఆ కూతకు సరిగ్గా తనూ కూసింది. వదిన లోపలి నుంచి “ఏమైందే దీనికి” అని కేకేసింది. అన్న మంచం మీద వెనక్కి వాలి పగలబడి నవ్వుతున్నాడు. తెలుగులో అర్థం చెప్పమని పిల్ల అడిగితే అన్నే వరసగా చెప్పుకొచ్చాడు, సైకిల్, అంగీ, ఎలుక. ఎలుక దగ్గర పిల్ల ఆపింది.

“దానికి ఇల్లు లేకుంటే మరి ఏడ ఉంటది డాడీ?”

“ఆయన దగ్గర్నే ఉంటది.”

“పేరేంది?”

“జెరాల్డ్.”

“ఎలుకకు గదేం పేరు!” అని, స్పీకరు తన ఒళ్ళోకి లాక్కుని మూడోసారి తనే నొక్కింది.